తక్కువ ఖర్చులో సస్పెన్షన్ లిఫ్ట్: ఏ బండికి ఏది, ఎంత ఎత్తు వరకు

బండి ఎత్తు పెంచాలనుకోగానే "ఎన్ని అంగుళాలు?" అనే అడుగుతారు. అసలు తేల్చుకోవాల్సింది బండికి ఏ భాగం తగులుతోందన్నది. కొత్త గీతలు, నొక్కులు, రాసుకున్న గుర్తులు ఎక్కడున్నాయో బండి కింద దూరి చూస్తే తెలుస్తుంది. చాలాసార్లు కొనాల్సింది లిఫ్ట్ కిట్టే కాదని కూడా అక్కడే తేలుతుంది.

డిఫరెన్షియల్ హౌసింగ్, అంటే ఇరుసు మధ్యలో గేర్లున్న ఉబ్బెత్తు గుండు, రాళ్లకు తగులుతుంటే స్ప్రింగులు మార్చి లాభం లేదు. సాలిడ్ యాక్సిల్ బండిలో, అంటే ఎడమ, కుడి చక్రాలను ఒకే గట్టి ఇరుసు కలిపే బండిలో, ఇరుసు చక్రాల మీదే ఉంటుంది. స్ప్రింగుల పైనున్నది లేస్తుందే తప్ప హౌసింగ్ ఉన్నచోటే ఉంటుంది. దాన్ని లేపేది టైరు ఒక్కటే, అదీ పెరిగిన వ్యాసంలో సగం మేరకే. 235/70 ఆర్16 టైరు వ్యాసం 735 మి.మీ., 245/75 ఆర్16 వ్యాసం 774 మి.మీ. ఈ మార్పుతో హౌసింగ్ కింద 19 మి.మీ. దాకా అదనపు ఖాళీ వస్తుంది. స్పీడోమీటర్ 100 చూపించేటప్పుడు బండి దాదాపు 5 కి.మీ. ఎక్కువ వేగంతో పోతుంది, గేర్లు కూడా అదే 5 శాతం బరువెక్కినట్టు ఉంటాయి.

ముందు బంపర్ మూల గట్టుకు గుచ్చుకుంటుంటే బంపర్ అంచు కోయడమో, చివరలు పైకి లేచిన బంపర్ వేయడమో లిఫ్ట్ కంటే ఎక్కువ పనిచేస్తుంది. వెనక సైలెన్సర్ గొట్టం ఈడ్చుకుంటుంటే గొట్టాన్ని పైకి మళ్లిస్తే సరిపోతుంది. నడుమ భాగం, అంటే ఛాసిస్, గేర్‌బాక్స్ క్రాస్‌మెంబర్, ఫ్యూయల్ ట్యాంకు గట్ల మీద ఆనుతుంటే అప్పుడు సస్పెన్షన్ లిఫ్ట్ నిజంగా పనికొస్తుంది. ఇరుసుల మధ్య 2600 మి.మీ. దూరం, నడుమ కింద 220 మి.మీ. ఖాళీ ఉన్న బండి సుమారు 19 డిగ్రీల గట్టు దాటగలదు. 50 మి.మీ. లేపితే అది 23 డిగ్రీలు దాటుతుంది. ఒక సాధారణ లిఫ్ట్ నుంచి ఇంత తేడా రావడం మంచి లాభమే.

దీనికి బదులుగా పోయేదీ ఉంది. ఎడమ, కుడి చక్రాల మధ్య దూరంలో సగాన్ని గురుత్వ కేంద్రం ఎత్తుతో భాగిస్తే బండి పక్కకు ఎంత సులువుగా బోల్తా పడుతుందో అంచనా వస్తుంది. చక్రాల మధ్య 1500 మి.మీ., గురుత్వ కేంద్రం 700 మి.మీ. ఎత్తున ఉంటే ఆ అంకె 1.07. 50 మి.మీ. లిఫ్ట్‌తో గురుత్వ కేంద్రం 45 మి.మీ. లేచిందనుకుంటే 1.01కి దిగుతుంది. పైన క్యారియర్ మీద స్టెప్నీ, జెర్రీ క్యాన్లు పెడితే ఇంకా కిందికి. అందుకే మా లెక్కలో పరిమిత ఖర్చుకు తగిన ఎత్తు 40 నుంచి 50 మి.మీ. 75 దాటాక ప్రతి అదనపు అంగుళానికీ సవరణ విడిభాగాల ఖర్చు, లిఫ్ట్ ఖర్చునే మింగేస్తుంది.

ముందు బండి ఏ జాతిదో చూడండి

సుజుకి జిమ్నీ, జీప్ రాంగ్లర్ లాంటి వాటికి ముందూ వెనకా సాలిడ్ యాక్సిల్, కాయిల్ స్ప్రింగులు. పాత మారుతి జిప్సీకి నాలుగు మూలలా కమాన్ కట్టలే, అంటే లీఫ్ స్ప్రింగులు. టొయోటా హైలక్స్ లాంటి పికప్‌లకు ముందు ఇండిపెండెంట్ (ఒక్కో చక్రం విడిగా కదిలేది), వెనక కమాన్ కట్టలు. 2020 తర్వాతి మహీంద్రా థార్‌కు ముందు ఇండిపెండెంట్, వెనక కాయిల్ మీద సాలిడ్ యాక్సిల్. పాత తరం పజేరోకు ముందు కాయిల్ బదులు టార్షన్ బార్, అంటే మెలిపడి స్ప్రింగులా పనిచేసే కడ్డీ, ఉంటుంది. ఒకదానికి చవకైన మందు ఇంకోదానికి విషం కావచ్చు. కాబట్టి స్నేహితుడి బండికి బాగా కుదిరిన కిట్ మీ బండికీ కుదురుతుందని అనుకోకండి.

సాలిడ్ యాక్సిల్, కాయిల్ స్ప్రింగులు: అందరికంటే అదృష్టవంతులు

ఇక్కడ రెండు దారులు. ఉన్న స్ప్రింగ్ మీద పాలీయురేథేన్ స్పేసర్, అంటే గట్టి ప్లాస్టిక్ దిమ్మె, పెట్టడం ఒకటి, పొడవైన కొత్త స్ప్రింగులు వేయడం ఇంకొకటి. స్ప్రింగ్ ఇరుసు మీద నిటారుగా కూర్చునే బండ్లలో స్పేసర్ మందం ఎంతో లిఫ్ట్ దాదాపు అంతే. స్పేసర్ వల్ల స్ప్రింగ్ గట్టిదనం మారదు, బండి నడక కూడా పాతలాగే ఉంటుంది. ఈ కారణంగా 20–30 మి.మీ. వరకు స్పేసర్లను మేం చిన్నచూపు చూడం. మంచి స్థితిలో ఉన్న కంపెనీ స్ప్రింగులకు 25 మి.మీ. స్పేసర్ నిజాయితీ గల చవక లిఫ్ట్. స్ప్రింగులు అప్పటికే కుంగిపోయి ఉంటే మాత్రం స్పేసర్ కుంగుడును దాచిపెడుతుంది, అంతే. పైన పటారం, లోన లొటారం.

స్ప్రింగులు మార్చడానికి అసలైన కారణం ఎత్తు కాదు, బరువు. స్టీల్ బంపరూ, ఇరుక్కున్న బండిని తాడుతో లాగే వించీ కలిపి 90 కిలోలు అనుకుందాం. అది ముందు ఇరుసుకు 700 మి.మీ. ముందుకు వేలాడుతుంది. ఇరుసుల మధ్య 2600 మి.మీ. ఉన్న బండిలో ఆ 90 కిలోలు ముందు ఇరుసు మీద 114 కిలోల భారంగా పడతాయి, వెనక ఇరుసు మీద నుంచి 24 కిలోలు తగ్గుతాయి. ఒక్కో ముందు స్ప్రింగ్ మిల్లీమీటరుకు 20 న్యూటన్ల గట్టిదనం కలదైతే బండి ముక్కు 28 మి.మీ. కుంగుతుంది. అంటే 50 మి.మీ. లిఫ్ట్ వేసి, తర్వాత వించ్ బిగిస్తే మిగిలేది 22. లిఫ్ట్ కిట్ మోసం చేసిందని తిట్టుకునేవాళ్లలో చాలామంది ఈ లెక్క వేసుకోనివాళ్లే.

తిరగేసి కూడా దెబ్బ తగులుతుంది. "ఎప్పటికైనా వించ్ వేస్తాం కదా" అని 100 కిలోల అదనపు బరువుకు తయారైన స్ప్రింగులను ఖాళీ బంపర్ బండికి వేస్తే ఎత్తు అనుకున్నదానికంటే 20–30 మి.మీ. ఎక్కువ వస్తుంది, చక్రం కిందికి వేలాడే వీలు తగ్గుతుంది, చిన్న గుంటకే బండి ఎగిరిపడుతుంది. స్ప్రింగులను వచ్చే ఏడాది బండికి కాదు, ఈ రోజు బండికి కొనండి. వించ్ వచ్చిన రోజున ముందు స్ప్రింగుల మీద 20 మి.మీ. స్పేసర్ చేర్చుకుంటే పోయింది.

తెలిసినవాళ్లు వాడే ఒక చవక కిటుకు: అదే మోడల్‌లో బరువైన డీజిల్ ఇంజిన్ వేరియంట్ ముందు స్ప్రింగులను తేలికైన పెట్రోల్ వేరియంట్‌కు వేయడం. కంపెనీ నాణ్యత, సరిగ్గా కూర్చునే కొలతలు, ఎంతో కొంత ఎత్తు. స్ప్రింగ్ చుట్టు వ్యాసం, తీగ మందం, కింది చివర ఆకారం పోల్చుకున్నాకే కొనాలి. ఇంకో సంగతి, కొన్ని బండ్లలో ఎడమ, కుడి స్ప్రింగులు ఒకే పొడవు ఉండవు. డ్రైవరు, ట్యాంకు ఉన్న వైపు బరువుకు తగినట్టు తయారుచేస్తారు. స్టీరింగ్ మరో వైపున్న దేశాల కోసం చేసిన జత అయితే పొడవు స్ప్రింగ్ తప్పు వైపుకు వెళ్లి బండి ఒక పక్కకు ఒరుగుతుంది.

ఇండిపెండెంట్ ముందు సస్పెన్షన్: స్పేసర్ దగ్గరే గొడవలన్నీ

డబుల్ విష్‌బోన్ బండిలో, అంటే చక్రాన్ని పైనొకటి, కిందొకటి రెండు ఆర్మ్‌లు పట్టుకున్న బండిలో, స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ కలిసిన స్ట్రట్ కింది ఆర్మ్ మధ్యలో ఎక్కడో కూర్చుంటుంది. అందువల్ల స్ట్రట్ పైన పెట్టిన 25 మి.మీ. స్పేసర్ చక్రం దగ్గర 45–50 మి.మీ. అవుతుంది. ఈ సంగతి తెలియక 50 మి.మీ. లిఫ్ట్ కోసం 50 మి.మీ. స్పేసర్ కొన్నవాళ్ల బండి 90 దాటి లేస్తుంది. ఆర్మ్‌ను చక్రానికి కలిపే బాల్ జాయింట్ చివరంటా వంగిపోతుంది, పై ఆర్మ్ స్ప్రింగ్‌కు తగులుతుంది. పై ఆర్మ్ లేకుండా స్ట్రట్టే చక్రాన్ని పట్టుకునే మాక్‌ఫర్సన్ స్ట్రట్ బండ్లలో మాత్రం స్పేసర్ మందం, లిఫ్ట్ దాదాపు సమానం.

స్పేసర్లలో రెండు రకాలున్నాయి. రెంటికీ ఒకే పేరు పెట్టి అమ్ముతారు గానీ గుణాలు వేరు. స్ట్రట్ పైకప్పుకూ ఛాసిస్‌కూ మధ్య బిగించే రకం స్ట్రట్‌ను మొత్తంగా కిందికి తోస్తుంది. స్ప్రింగ్‌ను ముట్టుకోదు కాబట్టి నడక మారదు. కానీ చక్రం పూర్తిగా వేలాడినప్పుడు కంపెనీ అనుకున్న హద్దు కంటే కిందికి పోతుంది. అక్కడ సీవీ జాయింట్ (చక్రాన్ని తిప్పే షాఫ్ట్ మీది వంగే కీలు) కోణం మితిమీరుతుంది, రబ్బరు బూటు మడతలు ఒకదానికొకటి రాసుకుని చిరుగుతాయి, గ్రీజు కారుతుంది, దుమ్ము చేరుతుంది. కొన్నాళ్లకు స్టీరింగ్ తిప్పి ఆక్సిలరేటర్ తొక్కగానే టక టక శబ్దం. బంప్ స్టాప్ (చక్రం మరీ పైకి పోకుండా ఆపే రబ్బరు) స్ట్రట్ లోపల కాకుండా ఛాసిస్ మీద విడిగా ఉంటే ఇంకో ప్రమాదం: బంప్ స్టాప్ తగలకముందే షాక్ లోపల అడుగంటుతుంది.

రెండో రకం స్ట్రట్ లోపల స్ప్రింగ్ మీద కూర్చుని దాన్ని ముందే అదుముతుంది. చక్రం హద్దులు మారవు కాబట్టి సీవీ జాయింట్లు క్షేమం. అయితే బండి తన హద్దుల మధ్య పైకి జరిగి నిలబడుతుంది. చక్రం వేలాడేందుకు అంతకుముందు 80 మి.మీ. ఉంటే 40 మి.మీ. లిఫ్ట్ తర్వాత మిగిలేది 40. ప్రతి స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడూ షాక్ చివరికి వచ్చి "ఠప్" మంటుంది. దీన్ని బిగించాలంటే స్ప్రింగ్ కంప్రెసర్ కావాలి. ఈ పనిలో జారిన స్ప్రింగ్ ఎముకలు విరగ్గొడుతుంది, నాసిరకం కంప్రెసర్‌తో ఇంట్లో ప్రయత్నించకండి.

మా ఎంపిక: ముందు 25–30 మి.మీ. లిఫ్ట్ చాలనుకుంటే స్ట్రట్ పైకప్పు మీద సన్నటి స్పేసర్, అలైన్‌మెంట్, అంతే. 50 మి.మీ. కావాలంటే పొడవైన స్ప్రింగూ దానికి తగ్గ స్ట్రట్టూ కలిపి కొనండి, డబ్బు చాలకపోతే ఆగండి. ఆ ఎత్తులో కాస్టర్ (పక్క నుంచి చూస్తే చక్రం స్టీరింగ్‌తో తిరిగే అక్షం వెనక్కి వాలిన కోణం) సరిచేయడానికి కొన్ని బండ్లకు కొత్త పై ఆర్మ్‌లు, సీవీ కోణం తగ్గించడానికి డిఫరెన్షియల్‌ను కాస్త కిందికి దించే స్పేసర్లు అవసరమవుతాయి. 100 మి.మీ. పైన అయితే క్రాస్‌మెంబర్ కోసి దించే కిట్లు ఉంటాయి. పరిమిత ఖర్చు అన్న మాటకూ వాటికీ పొత్తు లేదు.

టార్షన్ బార్ బండికి లిఫ్ట్ దాదాపు ఉచితం. సర్దుబాటు బోల్టు తిప్పితే చాలు. బార్ గట్టిపడిపోతుందని చాలామంది అంటారు గానీ బార్ గట్టిదనం అదే. బండి గట్టిగా నడవడానికి అసలు కారణం వేలాడే దూరం తగ్గిపోవడమే. పై ఆర్మ్‌కూ కింది రబ్బరు స్టాప్‌కూ మధ్య ఖాళీని మధ్యమధ్యలో బండి దించి చూసుకుంటూ తిప్పండి, బండి నిలబడి ఉన్నప్పుడు ఆ ఖాళీ మూసుకుపోయే దశకు వస్తే ఎక్కువైనట్టే. 25 నుంచి 35 మి.మీ. వరకు సాధారణంగా ఇబ్బంది ఉండదు. బోల్టు తిప్పే ముందు ఎన్ని మరలు బయట ఉన్నాయో కొలిచి రాసుకోండి, రెండు వైపులా విడివిడిగా. తిప్పేటప్పుడు జాకీ మీద చక్రాలు వేలాడుతూ ఉండాలి. తర్వాత కాస్త దూరం నడిపాకే మళ్లీ ఎత్తు కొలవాలి.

కమాన్ కట్టలు: చవక దారులు ఎక్కువ, గుంటలూ ఎక్కువ

అన్నిటికంటే తక్కువ ఖర్చు పొడవు షాకిల్, అంటే కట్ట ఒక చివరను ఛాసిస్‌కు కలిపే ఊగే పలకల జత. దాని లెక్క సగం: షాకిల్ 50 మి.మీ. పెరిగితే ఇరుసు దగ్గర 25 మి.మీ. మాత్రమే లేస్తుంది. ముందు ఇరుసుకు వేస్తే కాస్టర్ మారుతుందన్నది మరవకండి. షాకిల్ కట్టకు ముందు చివర ఉంటే కాస్టర్ తగ్గి స్టీరింగ్ తేలిపోతుంది, వెనక చివర ఉంటే పెరుగుతుంది. మరీ పొడవైన షాకిల్ పక్కకు ఊగుతుంది. రెండు పలకల మధ్య అడ్డ బోల్టు లేని షాకిల్ కొనకండి.

వెనక ఇరుసుకు బ్లాకులు పెట్టొచ్చు. కట్టకూ ఇరుసుకూ మధ్య ఒక్క బ్లాకు, 50 మి.మీ. లోపు. ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు, ముందు ఇరుసుకు అసలే పెట్టకూడదు. బ్రేకు తొక్కినప్పుడు ఇరుసు తిరగబడాలని చూస్తుంది, బ్లాకు ఎత్తు ఆ తిప్పుడుకు మీట అవుతుంది. ముందు ఇరుసు దగ్గర బ్లాకు జారితే స్టీరింగ్ చేతిలో ఉండదు. వెనక కూడా బ్లాకు ఎత్తు పెరిగేకొద్దీ ఆక్సిలరేటర్ తొక్కినప్పుడు కట్ట ఎస్ ఆకారంలో మెలిపడి చక్రాలు దడదడలాడతాయి.

కట్టలోకి అదనపు పట్టీ చేర్చడం మధ్యస్థమైన దారి. 25–40 మి.మీ. లేస్తుంది, బరువు మోసే శక్తి కూడా పెరుగుతుంది. పొట్టి, మందపాటి పట్టీ చవక, కానీ బండిని బండరాయిలా నడిపిస్తుంది. ప్రధాన పట్టీ పొడవుకు దగ్గరగా ఉన్న పట్టీ తీసుకోండి. సెంటర్ బోల్టు కొత్తది, పొడవైనది కావాలి. ఎప్పుడూ సామాను మోసే పికప్‌కు ఇది సరైన పని, ఖాళీగా తిరిగే బండికి అంత కాదు.

పాత పట్టీలకు మళ్లీ వంపు కొట్టించడం చాలా చోట్ల జరుగుతుంది. చల్లగా ఉన్న పట్టీని సుత్తితో వంచితే కొద్ది నెలల్లోనే పాత రూపానికి వస్తుంది. వంచాక సరైన వేడి శుద్ధి చేస్తేనే నిలుస్తుంది. అది చేసే చోటు దొరికితే సరే, లేకపోతే ఆ డబ్బు కొత్త కట్టకు దాచుకోండి. కట్టను ఇరుసు కింది నుంచి పైకి మార్చే పద్ధతి జిప్సీ జాతి బండ్లలో ప్రసిద్ధం. 125 మి.మీ. పైనే లేస్తుంది. విడిభాగాలు తక్కువ, చవకగా కనిపిస్తుంది. వెల్డింగ్, డ్రాగ్ లింక్ (స్టీరింగ్ నుంచి చక్రానికి పోయే కడ్డీ) కోణం, ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ వైపు నుంచి ఇరుసుకు శక్తి తీసుకెళ్లేది) పొడవు, ఇరుసు మెలిక ఆపే రాడ్ అన్నీ కలిపి చూస్తే ఇది మొదటి లిఫ్ట్‌గా చేయాల్సిన పని కాదు.

ఇందులో ఇరుసు దగ్గర కట్ట విప్పే ఏ పని చేసినా, కట్టను ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టులు కొత్తవే వేయాలి. ఒకసారి బిగిసి సాగిన యూ బోల్టు రెండోసారి అదే పట్టు ఇవ్వదు. ఖర్చు స్వల్పం, అయినా ఎక్కువ మంది మిగుల్చుకోవాలని చూసేది ఇక్కడే.

బాడీ లిఫ్ట్ సంగతి

ఛాసిస్‌కూ బాడీకీ మధ్య 25–50 మి.మీ. దిమ్మెలు పెట్టే పని ఇది. బండి నడక, కోణాలు ఏవీ మారవు. పెద్ద టైరుకు ఫెండర్ కింద చోటు వస్తుంది, ఛాసిస్ మాత్రం ఒక్క మిల్లీమీటరు కూడా లేవదు. రేడియేటర్ బాడీతో పాటు లేచి, ఫ్యాన్ ఇంజిన్‌తో కిందే ఉంటుంది కాబట్టి ఫ్యాన్ రెక్కలు చుట్టూ ఉన్న తొడుగుకు తగలకుండా చూడాలి. స్టీరింగ్ షాఫ్ట్, గేర్ లీవర్, డీజిల్ పోసే గొట్టం, ఎర్త్ వైర్లు కూడా సాగుతాయి. మోనోకాక్ బండ్లకు ఇది వర్తించదు, వాటికి విడి ఛాసిస్సే ఉండదు.

షాక్ అబ్జార్బర్లు: డబ్బు ఇక్కడ పెట్టండి

స్ప్రింగ్ ఎత్తు ఇస్తుంది, బండిని అదుపులో ఉంచేది షాక్. 50 మి.మీ. లేపే పొడవైన స్ప్రింగులు వేసి పాత షాక్‌లనే ఉంచితే అప్పటిదాకా 80 మి.మీ. వేలాడిన చక్రానికి 30 మాత్రమే మిగులుతుంది. ప్రతి గుంటలో ఇరుసు బరువంతా షాక్ రాడ్ పట్టుకుని వేలాడుతుంది. పై బుష్ చీలుతుంది, లేదా కింది బ్రాకెట్ వెల్డు విడుతుంది. లిఫ్ట్ వేశాక బండి గట్టిపడిందన్న ఫిర్యాదులో సగం పాపం పాత షాక్‌లదే.

కొత్త షాక్ కొనేందుకు కేటలాగులో "2 అంగుళాల లిఫ్ట్‌కు" అన్న మాట చాలదు. మూడు కొలతలు మీరే తీసుకోండి. బండి సమతలం మీద నిలబడినప్పుడు షాక్ పై బోల్టు నుంచి కింది బోల్టు దాకా. ఇరుసును బంప్ స్టాప్‌కు ఆనేదాకా లేపినప్పుడు. ఛాసిస్‌ను స్టాండ్ల మీద నిలిపి, షాక్ విప్పి, ఇరుసును బ్రేకు గొట్టం సాగనంత వరకు దించినప్పుడు.

ఉదాహరణకు నిలబడినప్పుడు 480, బంప్ స్టాప్ దగ్గర 380, పూర్తిగా వేలాడినప్పుడు 600 మి.మీ. వచ్చాయనుకోండి. కొనే షాక్ మూసుకున్న పొడవు 365కి మించకూడదు, అంటే బంప్ స్టాప్ తగిలాక ఇంకో 15 మి.మీ. మిగిలి ఉండాలి. తెరుచుకున్న పొడవు 590 దగ్గర ఉంటే బ్రేకు గొట్టం కంటే ముందు షాకే హద్దు అవుతుంది, అదే క్షేమం. మీకు దొరికిన షాక్ మూసుకుంటే 400 అయితే దాన్ని వదిలేయనక్కర్లేదు, బంప్ స్టాప్‌ను 35 మి.మీ. కిందికి దించండి. షాక్ వాలుగా బిగిసిన బండిలో లిఫ్ట్ మొత్తాన్ని పాత పొడవుకు కలిపేసి లెక్క కట్టకండి. వాలు పెరిగేకొద్దీ షాక్ పొడవులో మార్పు తగ్గుతుంది, టేపు పట్టి కొలవడమే మార్గం.

డబ్బు బాగా ఇబ్బందైతే షాక్ ఎక్స్‌టెండర్లు ఉన్నాయి, షాక్ కింద బిగించే 30–50 మి.మీ. ముక్కలు. పాత షాక్‌లు ఇంకా బాగుంటే తాత్కాలికంగా పనిచేస్తాయి. ఎక్స్‌టెండర్ ఎంతో బంప్ స్టాప్ కూడా అంత దిగాలి. అది చేయకపోతే మొదటి పెద్ద దెబ్బకే షాక్ అడుగంటి లోపలి వాల్వు పగులుతుంది.

ట్విన్ ట్యూబా (గొట్టంలో గొట్టం), మోనో ట్యూబా (ఒకే గొట్టం)? రాళ్ల మధ్య నెమ్మదిగా నడిచే బండికి మంచి ట్విన్ ట్యూబ్ చాలు. ధర తక్కువ, బయటి గొట్టానికి నొక్కు పడినా లోపలి గొట్టం పనిచేస్తూ ఉంటుంది. మోనో ట్యూబ్ వేడిని త్వరగా వదులుతుంది కాబట్టి గంటల తరబడి గతుకుల మట్టి రోడ్ల మీద వేగంగా పోయేవాళ్లకు అది కావాలి. కాకపోతే దాని పిస్టన్ బయటి గోడకే ఆనుకుని నడుస్తుంది, ఒక్క గట్టి నొక్కుతో ఇరుక్కుపోతుంది. పాతవి కొంటుంటే రాడ్ మీద గీతలు, సీల్ దగ్గర తడి చూడండి. నిలబెట్టి నొక్కి లాగండి, మధ్యలో ఎక్కడైనా పట్టు లేకుండా జారితే వద్దు.

కిట్ ధరలో కనిపించని ఖర్చులు

సాలిడ్ యాక్సిల్ బండిలో ముందు ఇరుసును పట్టుకున్న రేడియస్ ఆర్మ్ 900 మి.మీ. ఉంటే 50 మి.మీ. లిఫ్ట్ ఇరుసును దాదాపు 3 డిగ్రీలు ముందుకు తిప్పుతుంది. అంత కాస్టర్ పోతే స్టీరింగ్ తిరిగి మధ్యకు రాదు, హైవే మీద బండి అటూ ఇటూ వెతుక్కుంటూ పోతుంది. రంధ్రం పక్కకు జరిగిన కాస్టర్ బుష్‌లు చవకైన సవరణ. జిమ్నీ లాంటి బండికి 50 మి.మీ. లిఫ్ట్‌తో పాటు ఇవి మొదటి రోజే వేసుకోవాలి.

ఇరుసు పక్కలకు జరగకుండా ఛాసిస్‌కు కట్టిపడేసే పాన్‌హార్డ్ రాడ్, లిఫ్ట్ వేశాక ఇరుసును ఒక పక్కకు లాగుతుంది. 900 మి.మీ. రాడ్ అప్పటికే 50 మి.మీ. వాలి ఉంటే ఇంకో 50 మి.మీ. లిఫ్ట్‌కు జరిగేది 4 మి.మీ. అంతవరకు ఊరుకోవచ్చు. 10 మి.మీ. చేరుతుంటే సర్దుబాటు రాడ్ కావాలి. ముఖ్యంగా చెప్పాల్సింది ఇంకొకటి: ముందు పాన్‌హార్డ్ రాడ్, డ్రాగ్ లింక్ సమాంతరంగా ఉండాలి. డ్రాగ్ లింక్ కోణం తగ్గుతుందని కిందికి వంగిన పిట్‌మన్ ఆర్మ్ (స్టీరింగ్ బాక్స్ దగ్గర డ్రాగ్ లింక్‌ను కదిపే చేయి) ఒక్కటే వేసేస్తే ఆ సమాంతరం చెడుతుంది. గుంట తగిలిన ప్రతిసారీ స్టీరింగ్ తనంతట తాను తిరుగుతుంది.

చాలామంది గమనించనిది వెనక బ్రేకుల లోడ్ సెన్సింగ్ వాల్వు. ఇది ఛాసిస్‌కు బిగిసి, ఒక కడ్డీతో ఇరుసుకు కలిసి ఉంటుంది. బండి వెనక లేస్తే సామాను లేదనుకుని వెనక బ్రేకులకు పీడనం తగ్గించేస్తుంది. లిఫ్ట్ వేశాక బండి సామాను లేనట్టే ఎప్పుడూ కనిపిస్తుంది దానికి. బ్రేకు దూరం పెరుగుతుంది, ముందు ప్యాడ్లు త్వరగా అరుగుతాయి. కడ్డీ బ్రాకెట్‌ను లిఫ్ట్ ఎంతో అంత మేర సరిచేయాలి. ఒక చిన్న లోహపు ముక్క, రెండు బోల్టుల పని.

బ్రేకు గొట్టాలు, ఏబీఎస్ వైర్లు, డిఫరెన్షియల్‌కు గాలి ఆడే బ్రీదర్ గొట్టం, స్వే బార్ (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే కడ్డీ) లింకులు చూడాల్సింది బండి నిలబడినప్పుడు కాదు, చక్రం పూర్తిగా వేలాడుతూ స్టీరింగ్ చివరిదాకా తిప్పినప్పుడు. పొట్టి బండ్లలో వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం ఎక్కువై 60–80 వేగంలో వణుకు రావచ్చు. రెండు చివరలా ఒక్కో క్రాస్ (వంగే కీలు) ఉన్న షాఫ్ట్‌కు రెండు కోణాలూ సమానంగా ఉండేలా డిఫరెన్షియల్ పినియన్ (షాఫ్ట్ వచ్చి కలిసే గేరు) కోణాన్ని సరిచేయాలి. ఇక హెడ్‌లైట్లు దించుకోవడం, రిజిస్ట్రేషన్, బీమా నిబంధనలు ఎంత ఎత్తు వరకు ఒప్పుకుంటాయో ముందే కనుక్కోవడం అన్ని చోట్లా తప్పనివే.

డబ్బు ఎంతుంటే ఏం చేయాలి

చాలా తక్కువే ఉంటే ఎత్తు గురించి మరచిపోయి మంచి ఆల్ టెరెయిన్ టైర్లు, కంపెనీ ఒప్పుకునే పెద్ద సైజులో కొనండి. మట్టిలో టైరు గాలి తగ్గించి నడపడం 50 మి.మీ. లిఫ్ట్ కంటే ఎక్కువ దూరం తీసుకెళ్తుంది. తర్వాత ఇంకొంచెం చేరితే 20–30 మి.మీ. స్పేసర్లు, లేదా టార్షన్ బార్ సర్దుబాటు, అలైన్‌మెంట్.

మధ్యస్థంగా ఉంటే 40–50 మి.మీ. స్ప్రింగులు, వాటి పొడవుకు సరిపోయిన ట్విన్ ట్యూబ్ షాక్‌లు, కాస్టర్ సవరణ, ఈ మూడూ ఒకేసారి. స్ప్రింగులు ఈ నెల, షాక్‌లు ఆరు నెలల తర్వాత అని విడగొట్టకండి. విడగొట్టక తప్పకపోతే షాక్‌లు ముందు కొనండి: కాస్త పొడవైన షాక్, బంప్ స్టాప్ స్పేసర్‌తో పాత స్ప్రింగుల మీద హాయిగా నడుస్తుంది. పొడవైన స్ప్రింగ్ పాత షాక్‌తో నడవదు.

ఒకే ధరకు 75–100 మి.మీ. స్పేసర్ కిట్టూ, 40 మి.మీ. స్ప్రింగ్-షాక్ జతా దొరికితే రెండో దాని వైపు కళ్లు మూసుకుని వెళ్లండి. ఇంత చెప్పినా ఎత్తు ఫొటోల కోసమే కావాలనుకునేవాళ్లకు బాడీ లిఫ్టే తక్కువ హాని చేస్తుంది.

బిగించేటప్పుడు ఆర్మ్‌ల రబ్బరు బుష్ బోల్టులను బండి గాల్లో ఉండగా గట్టిగా బిగించకండి. బుష్ లోపలి గొట్టం ఆ వేలాడే కోణంలోనే పట్టుకుపోతుంది, బండి నేల మీదికి దిగగానే రబ్బరు మెలి తిరిగి కొద్ది నెలల్లో చీలుతుంది. చేత్తో బిగించి, బండిని చక్రాల మీద దించి, రెండు మూడు సార్లు ఊపి, ఆ తర్వాతే సర్వీస్ మాన్యువల్ చెప్పిన టార్క్‌కు బిగించాలి.

పని మొదలుపెట్టే ముందు నాలుగు మూలలా చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా కొలిచి రాసి పెట్టుకోండి. నేల నుంచి కొలిస్తే టైరు గాలి లెక్క చెడగొడుతుంది. ట్యాంకులో ఇంధనం ఎంత ఉందో కూడా రాయండి. 500 కి.మీ. నడిచాక యూ బోల్టులు, ఆర్మ్ బోల్టులు మళ్లీ టార్క్‌కు తేవాలి. 1000 కి.మీ. దాటాక కొలతలు తిరిగి తీయండి, కొత్త స్ప్రింగులు 5–10 మి.మీ. కూర్చోవడం మామూలే. కాస్టర్ సహా పూర్తి అలైన్‌మెంట్, హెడ్‌లైట్ల సర్దుబాటు అప్పుడు మరోసారి చేయిస్తే సరిపోతుంది.